తిప్పినది

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని గది
జూన్ 6

మామయ్యా,

నమస్కారాలూ కుశల ప్రశ్నలూ ఈ ఒక్క లైనులో అయిపోయాయనుకో. నిన్న ఫోన్ చేసి "గ్యాసు సంగతి మాట్లాడాలి" అంటే నువ్వు "మొన్ననే ఇచ్చి వెళ్ళారు, ఇంకా సిలిండరు అవలేదు" అని అరిచి పెట్టేశావు. చెవిటివాడి ముందు శంఖం ఊదే ఓపిక నాకు లేదు. అందుకే ఉత్తరం.

నువ్వు గ్యాసు కోసం వెతికిన ఆ పాత బ్లాకు, అదే ఆ లైసెన్సు భూమి, నా బల్లమీదికొచ్చింది. డిసెంబరు ఆఖరుతో దాని లైసెన్సు అయిపోతుంది. ఈలోపు కొత్త బావి మొదలుపెట్టాలి, లేదా బ్లాకు మొత్తం వెనక్కిచ్చెయ్యాలి. ఏది చెయ్యాలో సెప్టెంబరులో కమిటీ ముందు నేను చెప్పాలి. మా పెద్దాయన ఫైలు నా మీద పడేస్తూ, అందులో ఏమీ లేదమ్మా, మర్యాదగా పాతిపెట్టెయ్ అన్నాడు.

పటం మధ్యలో ఏమీ దొరకని నీ బావి పద్దెనిమిదేళ్ళుగా నల్లచుక్కలా కూర్చునుంది. ఇక్కడ దాన్ని నంబరుతో ఎవరూ పిలవరు. "రంగుపెన్సిల్ గొయ్యి" అంటారు. నువ్వు ఒక చెవిమీద ఎర్ర పెన్సిలూ ఇంకో చెవిమీద నీలం పెన్సిలూ పెట్టుకుని తిరిగేవాడివట కదా, అందుకని. కొత్తగా చేరినవాళ్ళకి దాన్ని చూపించి, తొందరపడితే ఇలా ఉంటుందని పాఠం చెప్తారు. నాకూ చెప్పారు, నేనూ అందరితో పాటు నవ్వాను. నువ్వు మా అమ్మ తమ్ముడివని ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆ నవ్వు మూడేళ్ళుగా నాకు గొంతులో ముల్లులా ఉంది.

నేలని కొట్టి, కింది పొరల నుంచి తిరిగొచ్చే చప్పుడు విని, లోపల ఏముందో చెప్పే ఈ విద్య నువ్వు నేర్పిందే. మీ ఇంట్లో గోడలు తట్టించి ఎక్కడ బోలుగా ఉందో చెప్పించేవాడివి. గట్టి పొర తగిలితే నీలం వెయ్యి, మెత్తటిది తగిలితే ఎరుపు వెయ్యి, గ్యాసు నిండిన ఇసుకరాయి మెత్తగా ఉంటుంది కాబట్టి ఎరుపు కోసం వెతుకు అనేవాడివి. నువ్వూ ఎరుపులోనే తవ్వావు. మూడు వేల మీటర్లు దిగాక దొరికింది గట్టి సున్నపురాయి. ఎర్రగా ఉన్నచోట సున్నపురాయి ఎలా వచ్చింది మామయ్యా?

అప్పుడు ఫీల్డులో రికార్డింగ్ బండిలో కూర్చుని డేటా పట్టింది నాన్న. ఆఫీసులో చదివింది నువ్వు. ఇప్పుడు దాని మంచిచెడ్డలు తేల్చాల్సింది నేను. మన ఇంటి పంచాయితీ భూమి అడుగుకి కూడా చేరింది. ఆ బావి కథ నువ్వెప్పుడూ చెప్పలేదు. నాన్న చెప్తాడు గానీ, ఆయన చెప్తే అది కథ కాదు, జోకు.

వెంటనే రాయి.

నీ
భూకంపం


ఇల్లు, మేడమీద గది
జూన్ 14

చిరంజీవి భూకంపానికి,

ఆశీస్సులు. చిన్నప్పుడు నువ్వు మా మేడమెట్లు దిగుతుంటే కింద వంటింట్లో గిన్నెలు కదిలేవి. ఆ పేరు పెట్టినందుకు నాకిప్పటికీ గర్వంగానే ఉంది.

నా చెవుల గురించి నువ్వు బెంగ పెట్టుకోనక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు భూమి చెప్పేది విన్నాను, ఇంక చాలు. మీ అత్తయ్య మాత్రం నాకు పెళ్ళయిన రోజు నుంచే వినపడదని సాక్ష్యం చెప్తుంది.

బావి కథ అడిగావు. అందులో కథేముంది? కొండని తవ్వి ఎలుకని పట్టిన వాళ్ళున్నారు, నాకు ఎలుక కూడా దొరకలేదు. దొరికిందల్లా మీ నాన్నకి. ఆయనకి పద్దెనిమిదేళ్ళకి సరిపడా జోకు దొరికింది. ప్రతి ఆదివారం మీ ఇంట్లో భోజనానికి కూర్చుంటామా, నా గ్లాసులో నీళ్ళు పోస్తూ "చూసుకో బావమరిదీ, ఇందులోనైనా నీళ్ళున్నాయా?" అంటాడు. మీ అమ్మ నవ్వడం మానేసి పదేళ్ళయింది. నేను మాత్రం నవ్వుతాను. పెద్దవాడు, పైగా అక్క మొగుడు. ఆయనకి వచ్చిన జోకు అదొక్కటే.

నా సలహా అడిగితే బ్లాకు వెనక్కిచ్చెయ్యి. నువ్వూ అక్కడ తవ్వి నీకూ ఏమీ దొరక్కపోతే ఒకే ఇంట్లో రెండు గోతులవుతాయి. అప్పుడు మీ నాన్న రెండు గ్లాసుల్లో నీళ్ళు పోయాలి.

ఇంకో సంగతి. ఆ కింది అంతస్తు రికార్డు గదిలోకి మాత్రం వెళ్ళకు. దుమ్ము ఎక్కువ. నీకసలే ఉబ్బసం.

మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు
జూలై 19

మామయ్యా,

నాకు ఉబ్బసం లేదు. ఎప్పుడూ లేదు. అందుకని మర్నాడే రికార్డు గదిలోకి వెళ్ళాను.

అంతకంటే ముందు నేను చూసింది చెప్తాను. మన బ్లాకుకి తూర్పున ఉన్న బ్లాకులో కొత్తగా సర్వే చేశారు. వాళ్ళ పటమూ మన పాత పటమూ అంచుకి అంచు ఆనించి స్క్రీన్ మీద పెట్టాను. పొరలన్నీ ఒక పటంలోంచి ఇంకో పటంలోకి చక్కగా నడిచొస్తున్నాయి. అయితే అక్కడ నీలంగా ఉన్న ప్రతి పొరా గీత దాటగానే ఎర్రగా మారిపోతోంది. అక్కడ ఎర్రగా ఉన్నది ఇక్కడ నీలం. రాయి అంచు చూసుకుని రంగు మార్చుకోదు కదా. మన పటం మొత్తం తలకిందులుగా ఉంది.

అంటే నువ్వు ఎరుపని తవ్విన చోటు నిజానికి నీలం. సున్నపురాయి ఎక్కడుండాలో అక్కడే ఉంది. నువ్వు రంగు తప్పు చదవలేదు మామయ్యా. నీ చేతికొచ్చిన పటమే తప్పు.

వెంటనే మొత్తం డేటాని కంప్యూటర్లో తిరగేశాను. నీ గోతికి మూడు కిలోమీటర్లు తూర్పున, ఎవరూ కన్నెత్తి చూడని నీలం మచ్చ ఒకటి ఎర్రగా వెలిగింది. దాని అడుగున బల్లపరుపుగా ఒక గీత ఉంది. పొరలన్నీ వాలుగా ఉన్నాయి, అదొక్కటే వాలడం లేదు. పైన గ్యాసూ కింద నీళ్ళూ ఆనుకుని నిలబడితే అలాంటి గీత వస్తుందని నువ్వే చెప్పావు. ఇసుక ఎంత మందమో, అందులో సందులెన్నో లెక్క కట్టాను. ఇరవై నాలుగు మీటర్ల గ్యాసు ఉండొచ్చనిపిస్తోంది.

పెద్దాయనకి చూపిస్తే పక్కవాడి పటమే తలకిందులేమో అన్నాడు. మన డేటా ఎక్కడ తిరగబడిందో కాగితం మీద చూపిస్తేనే కమిటీ నమ్ముతుందట. అలాంటిదేదైనా ఉంటే నాన్న రాసిన ఫీల్డు పుస్తకంలోనే ఉండాలి. పుస్తకం దొరికింది. రికార్డింగ్ కేబుళ్ళు మర్నాడు రిపేరు నుంచి వస్తాయని ఒక పేజీలో ఉంది, ఆ మర్నాటి పేజీ తప్ప అన్నీ ఉన్నాయి. ఎవరో చించేశారు.

నీకేమైనా తెలుసా?

భూకంపం


ఇల్లు
జూలై 27

చిరంజీవికి,

తెలీదు. పాత పుస్తకమన్నాక పేజీలు పోతాయి. ఎలకలు కొట్టి ఉంటాయి. నీ సందేహాలన్నిటికీ జవాబులు మేడమీద ముసలాడి దగ్గర ఉండవు.

మీ అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మామయ్య


ఆఫీసు
ఆగస్టు 2

మామయ్యా,

ఎలకలు స్కేలు పెట్టి చించవు.

ఆ పేజీ అంచు గీత గీసినట్టు నున్నగా ఉంది. కాగితాన్ని ఇనప స్కేలుకి అదిమిపెట్టి, మూల నుంచి ఒక్క లాగులో చించడం నాకు ఏడేళ్ళప్పుడు ఒకాయన నేర్పాడు. ఆయన్ని తప్ప అలా చించేవాళ్ళని ఇంకెవర్నీ నేను చూడలేదు. నాకు లేని ఉబ్బసం అంటగట్టినప్పుడే అనుమానపడాల్సింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నువ్వు భుజాలు తడుముకున్నావు.

కమిటీ సెప్టెంబరు ఇరవైన. ఆ పేజీ లేకపోతే బ్లాకు పోతుంది, గ్యాసు పోతుంది, నీ గొయ్యి మాత్రం ఎప్పటికీ గొయ్యిగానే ఉండిపోతుంది. నేను అక్కడే కూర్చుని ఇంకో ముప్ఫై ఏళ్ళు దాని మీద జోకులకి నవ్వాలి. నా వల్ల కాదు.

పంపు.


ఇల్లు, మేడమీద గది
ఆగస్టు 10

తల్లీ,

పంపిస్తున్నాను. చిరిగిపోకుండా అట్టకి అంటించాను, జాగ్రత్త.

ఇంక దాచేదేముంది, చదువు. కేబుళ్ళు రిపేరుకి వెళ్ళొచ్చాయి. జియోఫోన్లు తెలుసుగా, నేలలో గుచ్చి చప్పుడు వినే చిన్న చెవులు. వాటిని కలిపే కేబుల్ ప్లగ్గు తిరగబడితే ప్రతి చప్పుడూ తలకిందులుగా నమోదవుతుంది. ఆ రోజు పేజీలో మీ నాన్న పెన్సిల్‌తో ఇలా రాశాడు: "కేబుల్ రిపేరు నుంచి వచ్చినది. ప్లగ్గు తిప్పినది." అంతే.

ఆఫీసులో చదివింది నేను. ప్లగ్గు తిరగబడి ఉందన్నమాట, డేటా తలకిందులన్నమాట అనుకున్నాను. కంప్యూటరు గదికి వెళ్ళి మొత్తం తిప్పించాను. బావి తవ్వాం, పోయింది. దాన్ని పూడ్చిన రెండేళ్ళకి నేను ఉద్యోగం వదిలేస్తూ రికార్డు గది సర్దుతుంటే ఈ పేజీ మళ్ళీ కనిపించింది. అప్పుడు వెలిగింది. బావ "తిప్పినది" అన్నది, తిరగబడి ఉందని కాదు. తిరగబడి ఉంటే తను తిప్పి సరిచేశానని. ఆయనొకసారి, నేనొకసారి తిప్పాం. రెండోసారి తిప్పితే మళ్ళీ తలకిందులే.

అప్పట్లో మీ నాన్నకి ఫీల్డు జట్టుకి నాయకుడిగా ప్రమోషన్ రాబోతోంది. "సరిచేశాను" అని రాయకుండా తిక్కమాట రాసినందుకు ఆయన తల ఎగిరిపోయేది. నా తల ఎలాగూ పోయింది. ఒకింట్లో రెండు తలలెందుకని చించేశాను. తేలు కుట్టిన దొంగలా ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను.

ఇంకొకటి. నువ్వు రాసిన ఆ బల్లపరుపు గీత నేనూ చూశాను. పద్దెనిమిదేళ్ళ కిందట. నీలం మధ్యలో అది ఉండటానికి కారణం తోచక, ఏదో చెత్త అనుకుని రబ్బరు పెట్టి చెరిపేశాను. బావి పోయినందుకు నేనెప్పుడూ ఏడవలేదు. మొన్న నీ ఉత్తరం చదివి ఆ రబ్బరు గుర్తొచ్చి ఏడ్చాను.

మీ నాన్నకి మాత్రం ఏమీ చెప్పకు. తప్పు తనదని తెలిస్తే ఆదివారం నీళ్ళు పోస్తూ ఏమంటాడు? ఆ జోకు లేకపోతే ఆయన భోజనం దగ్గర నోరు విప్పడు.

మామయ్య


ఆఫీసు
ఆగస్టు 29

మామయ్యా,

నువ్వు వద్దన్నా నాన్నకి చెప్పేశాను. తిట్టుకో. కానీ మొత్తం చదివి తిట్టుకో.

పేజీ చూసి పెద్దాయన, "తిప్పినది" అంటే ఏమిటో రాసినాయనే సంతకం పెట్టి చెప్పాలన్నాడు. అందుకని మొన్న ఆదివారం, మీరిద్దరూ అత్తయ్య చెల్లెలి ఇంటికి వెళ్తున్నారని తెలుసుకుని మరీ, ఇంటికి వెళ్ళాను. భోజనం చేస్తుంటే పేజీ నాన్న ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఎవరిచ్చారని అడిగాడు. మామయ్య అన్నాను.

"ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడా, పాపం" అన్నాడు.

నాకు బుర్ర తిరిగింది. తర్వాత మెల్లగా చెప్పాడు. నీ బావి పోయాక ఆయనకి అనుమానం వచ్చిందట. ఆఫీసులో మళ్ళీ తిప్పేశారేమోనని, చాలాకాలం వెనకాడి, చివరికి నువ్వు ఉద్యోగం మానేసిన వారానికి రికార్డు గదికి వెళ్ళి పుస్తకం తీశాడు. పేజీ లేదు. అంచు స్కేలుతో చించినట్టుంది. నువ్వే తప్పు చదివి, భయపడి చించుకున్నావనుకున్నాడు. తమ్ముడి పరువు పోతే అమ్మ తలెత్తుకోలేదని, ఎవరికీ చెప్పకూడదని ఆయనా నిశ్చయించుకున్నాడట.

మరి పద్దెనిమిదేళ్ళు ఆ నీళ్ళ జోకెందుకని నిలదీశాను. దానికి ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను. "జోకు వేస్తూ ఉంటే అసలు సంగతి ఎవరూ అడగరు. అందరూ నవ్వేసి ఊరుకుంటారు. నేను వెయ్యకపోతే ఎవడో ఒకడు అడిగేవాడు."

నువ్వు ఆయన కోసం చించావని చెప్పాను. అక్కడితో జాలి ఎగిరిపోయింది. నా కోసమా, నేనేం తప్పు చేశాను అని లేచి నిలబడ్డాడు. తిరిగినది అని రాశానా, తిప్పినది అని రాశాను, తిరిగినది అంటే దానంతటది తిరిగినది, తిప్పినది అంటే మనిషి తిప్పినది, బడిలో చదువుకున్నవాడికెవడికైనా తెలుస్తుంది అని పావుగంట వ్యాకరణం చెప్పాడు. ఆ మనిషి రిపేరువాడా నువ్వా అది రాయలేదుగా అన్నాను, నీ తరఫున. దాంతో ఆయన పేజీ చేతిలోకి తీసుకుని "దీని వెనకేదీ?" అన్నాడు.

వెనక అట్ట ఉందన్నాను. నీ గ్లాసులో, అవును నీ గ్లాసే, వేళ్ళు ముంచి కాగితం తడిపాడు. మూల నుంచి నెమ్మదిగా లేపాడు. పెన్సిల్ రాత కదా, చెదరలేదు. వెనకవైపు ఇలా ఉంది: "సరిచేసిన పిమ్మట జియోఫోన్లు తట్టి చూచితిని. సరిగా ఉన్నవి."

నువ్వు అట్టకి అంటించింది చిరిగిపోతుందని కాదు కదా మామయ్యా.

వంటింట్లో అమ్మ దగ్గరికెళ్ళి అంతా చెప్పబోతే, ఆవిడ గిన్నెలు సర్దుతూనే, తెలుసులే అంది. నువ్వు అత్తయ్యకి చెప్పావట, నాన్న అమ్మకి చెప్పాడట, వాళ్ళిద్దరూ అప్పుడే మాట్లాడుకున్నారట. ఒకర్నొకరు క్షమిస్తున్నామనుకుని ఇద్దరూ ఎంత మర్యాదగా ఉన్నారో, మధ్యలో మేం చెప్పి చెడగొట్టడమెందుకని ఊరుకున్నారట.

నాకు నీ మీద కోపంగా ఉంది. ప్రేమగా కూడా ఎందుకుందో తెలియడం లేదు.

భూకంపం


ఇల్లు, మేడమీద గది
సెప్టెంబరు 5

తల్లీ,

మీ అత్తయ్యని నిలదీశాను. ఇన్నేళ్ళూ దాచావా అన్నాను. చాలాసార్లు చెప్పాను, నీకు వినపడలేదు అంది. ఆవిడతో వాదన పెట్టుకునే వయసు దాటిపోయింది.

ఇప్పుడు నిజం రాస్తాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ మీ నాన్న మాటని ఆడిపోసుకున్నాను. ఆ పేజీ మొదటిసారి చదివినప్పుడు ముందువైపే చదివాను. ప్లగ్గు మీ నాన్న తిప్పాడు, డేటా నేను తిప్పాను, పేజీ మాత్రం తిప్పలేదు. తొందరలో ఉన్నాను. బావి స్థలం చెప్పడానికి నాలుగు రోజులే ఉంది. చెవుల మీద పెన్సిళ్ళు పెట్టుకుని మహా మొనగాణ్ణనుకునేవాణ్ణి.

రెండేళ్ళ తర్వాత చించింది మాత్రం నిజంగా బావ కోసమే. అది నమ్ము. చించాక, మడతపెట్టబోతూ, తిప్పాను. వెనక రాసింది చూశాను. ఆ క్షణం నుంచి దాచింది నా కోసం. ఆ రెండూ ఒకే నిమిషంలో జరిగాయి. ఆ రెండో సగం మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకుని ఇన్నేళ్ళు ఆదివారం భోజనాల్లో ఎదురుగా కూర్చున్న మనిషిని క్షమిస్తూ బతికాను. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే అందంగా చెప్పడం చేతకాదు.

అసలు పాపం అదీ కాదు. పటం తలకిందులని తెలిసి నోరు మూసుకున్నందుకు, ఆ తూర్పు మచ్చని ఎవరూ చూడకుండా పోయింది. పరువు నాది, గ్యాసు మాత్రం నాది కాదు. నా పరువు కోసం దాన్ని కూడా దాచాను.

దీనితోపాటు కమిటీకి ఒక కాగితం పెట్టాను. మొత్తం రెండు లైన్లు: "ప్లగ్గు తిప్పినది మా బావ, సరిగానే తిప్పినాడు. ఆ పేజీ తప్పు చదివినది నేను, చించినది నేను." పూర్తి పేరు రాసి, కింద సంతకం పెట్టాను. వాళ్ళకి పేరు గుర్తు రాకపోతే బ్రాకెట్లో రంగుపెన్సిల్ అని రాసుకోమను.

ఈ ఆదివారం కూడా మీ ఇంటికి వెళ్ళలేదు. కడుపులో బాగాలేదని చెప్పించాను.

మామయ్య


ఆఫీసు
సెప్టెంబరు 21

మామయ్యా,

నిన్న అయిపోయింది. తొమ్మిదిమంది ఒక వైపు, నేనూ నా రెండు పటాలూ ఒక వైపు. రంగులన్నీ సరిచేసి చూపించాను. పేజీ రెండు వైపులా చూపించాను. నాన్న సంతకం చూపించాను. ఆయన వివరణ మూడు పేజీలుంది, రెండున్నర వ్యాకరణమే. నీ కాగితం ఆఖర్న చదివాను. రంగుపెన్సిల్ అన్నచోట ఒకరిద్దరు అలవాటు కొద్దీ నవ్వబోయారు.

అప్పుడు చెప్పేశాను. రాసింది మా నాన్న, చదివింది మా మామయ్య, ఈ పని నాకు నేర్పింది కూడా ఆయనే అన్నాను. పెద్దాయన గొంతు సవరించుకుని, పిల్లికి ఎలుక సాక్ష్యంలా ఉందే అన్నాడు. "పిల్లీ మా ఇంటిదే, ఎలుకా మా ఇంటిదే. కింద రాళ్ళు మాత్రం మా చుట్టాలు కాదు సార్. తవ్వి అడగండి" అన్నాను.

అయిదుగురు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. డిసెంబరులో తవ్వకం.

అక్కడ ఏమీ లేకపోతే తప్పు నాది. నీది కాదు, నాన్నది కాదు. ఎవరూ ఏ పేజీ చించొద్దు.

భూకంపం


ఇల్లు
సెప్టెంబరు 28

తల్లీ,

ఇంత వయసొచ్చాక కార్డు మీద పట్టేన్ని మాటలే మిగిలాయి. భయంగా ఉంది. నీకంటే నాకెక్కువ.

మీ నాన్న దగ్గరికి ఇంకా వెళ్ళలేదు.

మామయ్య


తవ్వకం చోటు, రేకుల గది
ఫిబ్రవరి 11

మామయ్యా,

గది ఊగుతుంటే రాస్తున్నాను, రాత ఇలాగే ఉంటుంది. ఎదురుగా రిగ్గు, చుట్టూ బురద. ఇక్కడ అందరికీ ఒకే సైజు బూట్లిస్తారు, నావి నాకంటే ముందు నడుస్తున్నాయి.

నీ గోతిలో సున్నపురాయి తగిలిన లోతు దాటుతున్నప్పుడు డ్రిల్లరు నా వైపు చూశాడు. పాతికేళ్ళ సర్వీసు ఆయనది, రంగుపెన్సిల్ గొయ్యి తవ్విన జట్టులో ఉన్నాడట. ఇక్కడ గట్టిరాయి తగల్లేదు. ఇంకో నూట అరవై మీటర్లు దిగాక రాతిని కొరికే బిట్టు ఒక్కసారిగా జారినట్టు దిగింది. మెత్తటి ఇసుకరాయి. బావిలోంచి పైకి తిరిగొచ్చే బురదలో గ్యాసు బుడగలు లేచాయి.

నేను ఇరవై నాలుగు మీటర్లన్నాను. పదిహేడే ఉంది. లోతు కూడా పదకొండు మీటర్లు తప్పాను. కానీ గ్యాసు, మామయ్యా. నీళ్ళు మొదలయ్యే చోటు సరిగ్గా ఆ బల్లపరుపు గీత మీదే ఉంది. నువ్వు చెరిపేసిన గీత.

డ్రిల్లరు వచ్చి, ఆ పెన్సిళ్ళాయన ఇంకా ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడు, మా మామయ్య అన్నాను. ఆ బావి తవ్వినప్పుడు మనిషి మూడు రోజులు అక్కడే బురదలో నిలబడ్డాడమ్మా, మా అందరికీ క్షమాపణ చెప్పి మరీ వెళ్ళాడు అన్నాడు. ఇది నాకెవరూ చెప్పలేదు. బూట్లు సరిచేసుకుంటున్నట్టు వంగి ఏడ్చాను.

ఇంక కడుపునొప్పి తగ్గించుకుని ఆదివారం మా ఇంటికి వెళ్ళు.

భూకంపం


ఇల్లు, మేడమీద గది
ఫిబ్రవరి 20

చిరంజీవి భూకంపానికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ పేజీ తిప్పి వెనక కూడా చూశాను. బుద్ధొచ్చింది.

పదిహేడు మీటర్లకి ఇరవై నాలుగు అన్నావు. నేనైతే చెవి మెలేసేవాణ్ణి. ఆ పైనున్న పలచటి పొర కూడా కలిపి లెక్కేసి ఉంటావు, ఇంకోసారి చూసుకో. ఇంత సంతోషంలో కూడా నీ తప్పు పట్టగలిగినందుకు నేనింకా బతికే ఉన్నానని తెలిసింది.

మొన్న ఆదివారం మీ అత్తయ్యతో మీ ఇంటికి వెళ్ళాను. ఆరు నెలల తర్వాత. మీ అమ్మ తలుపు తీసి, కడుపులో ఎలా ఉంది అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయింది. మీ నాన్న పేపరు చదువుతున్నాడు. నేను వచ్చిన తర్వాత ఇంకా గట్టిగా చదివాడు. క్షమాపణ చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన ముఖం చూడగానే అన్నీ పోయాయి. చెప్పగలిగింది ఒకటే: "తప్పు చదివాను బావా. తెలిసీ దాచాను." ఆయన తల ఊపాడు.

భోజనానికి కూర్చున్నాం. ఆయన చెంబు తీసి నా గ్లాసులో నీళ్ళు పోశాడు. మీ అమ్మ చేతిలో గరిటె ఆగింది. మీ అత్తయ్య ఆయన వైపు చూసింది. ఆయన గ్లాసు నిండా పోసి, చెంబు పక్కన పెట్టి, ఏమీ అనలేదు. తన కంచంలోకి చూసుకుంటూ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆ జోకు వింటూ దాన్ని తిట్టుకున్నవాణ్ణి కదా, అప్పటిదాకా అది లేకపోతే హాయనుకున్నాను. ఆ నిశ్శబ్దం రెండు ముద్దలు కూడా భరించలేకపోయాను. నా చెవుడుకి కూడా వినపడింది.

చివరికి నేనే గ్లాసు పైకెత్తి లోపలికి తొంగి చూశాను.

"చూడు బావా, ఇందులోనైనా నీళ్ళున్నాయా?" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత మీ నాన్న ఏమన్నాడో తెలుసా?

"ఉన్నాయిలే. తిప్పకు" అన్నాడు.

రంగుపెన్సిల్